ఫెబీ రాసిన హంతకుడు

పెద్దారవీడు నుంచి మార్కాపురం వెళ్లే పొద్దుటి బస్సులో సీటు దొరికితే ఫెబీకి ఆ రోజు ఒక హత్య పూర్తయ్యేది. నిలబడి వెళ్లాల్సి వస్తే, చావాల్సిన అమ్మాయి సాయంత్రం తిరుగు బస్సు దాకా బతికేది.

మార్కాపురంలో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించడం ఆమె పని. తాళం తీసింది మొదలు చీరలు విప్పడం, వచ్చినవాళ్లు పెదవి విరిస్తే మళ్లీ మడతపెట్టడం. ఇంటికొస్తే వంట, అంట్లు, మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన అత్త వెంకాయమ్మ. మొగుడు ప్రకాశరావు బోరు బండి మీద పనికి పోతే నెలల తరబడి ఛత్తీస్‌గఢ్‌లోనో ఒరిస్సాలోనో ఉండేవాడు. పిల్లలిద్దరూ హాస్టల్లో. రాసుకోవడానికి ఆమెకు మిగిలింది బస్సు ఒక్కటే. కాగితమూ కలమూ ఆమె చేతిలోని ఫోనే. కథలు చదివే యాప్ ఒకటుంది, అందులో ఎవరైనా రాసి పెట్టుకోవచ్చు. ఆమె బొటనవేళ్లతో టకటకా కొడుతుంటే పక్కసీటు ఆడవాళ్లు మొగుడితో పోట్లాడుతోందనుకునేవారు.

ఈ పిచ్చి ఆమెకు నాయన నుంచి వచ్చింది. ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అక్షరం ముక్క రాదు, డిటెక్టివ్ నవలలంటే మాత్రం ప్రాణం. బస్టాండు దగ్గర బంకులో అద్దెకు తెచ్చి కూతురి చేత చదివించుకునేవాడు. సగంలో ఆపి, "సంపినోడెవురో చెప్పు పాపా" అని పందెం కాసేవాడు. ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఎవర్ని చూసినా ఆయనకు మంచివాడిలాగే కనిపించేవాడు మరి. ఫెబీ ఇంటర్ చదివే ఏడు రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి పోయాడు.

మొదట్లో ఫెబీ తనకు తెలిసిన సంగతులే రాసింది. బోరు బండి మీదకు పోయిన మొగుడి కోసం చూసే ఆడమనిషి, చీరల దుకాణంలో రోజంతా నిలబడితే వాచే కాళ్లు. వాటిని చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకరోజు విసుగొచ్చి 'పలక మీద పేరు' అని ఒక సీరియల్ మొదలుపెట్టింది. మొదటి భాగంలోనే ఒక శవం, శవం పక్కన నల్లపలక, పలక మీద సుద్దముక్కతో ఇంకో అమ్మాయి పేరు. వారం తిరిగేసరికి జనం విరగబడి చదివారు. యాప్ వాళ్ల దగ్గర్నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, అదిరింది. ప్రతి భాగం చివరా ఒక షాక్ ఉండాలి, మర్చిపోకండి" అంది. ఫెబీని మేడమ్ అని పిలిచిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

షాకులు కావాలంటే ఊరికే పుడతాయా? కథ పెరిగేకొద్దీ హంతకుడు కూడా పెరిగాడు. పేరు డాక్టర్ విక్రాంత్. హైదరాబాదులో గుండె ఆపరేషన్లు చేస్తాడు, ఏడు భాషలు మాట్లాడతాడు, ఏ గొంతునైనా అచ్చు గుద్దినట్టు అనుకరిస్తాడు. హైదరాబాదులో పగలు ఆపరేషన్ ముగించి, పొద్దు కుంకే లోపల నల్లమల అంచున ఒక అమ్మాయిని చంపి, పలక పెట్టి, మళ్లీ రౌండ్సుకు హాజరవుతాడు. ఇదెలా సాధ్యమని ఎవరో అడిగితే, తర్వాతి భాగంలో అతనికి హెలికాప్టర్ నడపడం నేర్పించింది. అతన్ని పట్టుకోవలసిన సీఐ శ్రావ్యకు కరాటే వచ్చు. ఆమె అతని కవల చెల్లెలని సగంలో తేలింది. తేలిందని ఫెబీకి కూడా ఆ రోజే, బస్సు మార్కాపురం పొలిమేర దాటుతుండగా తెలిసింది.

దుకాణంలో ఆమెతో పనిచేసే ప్రసన్న ఆ సీరియల్ ఒక్క భాగమూ వదలకుండా చదివేది. ఒకరోజు అన్నం తింటూ కదిపింది.

"అక్కా, ఒకటడుగుతా, కోప్పడగాకు. ఆ డాక్టరు నిద్రెప్పుడు పోతాడు?"

"కథలో నిద్ర గురించి రాస్తారా ఎవరన్నా?"

"అది సరే. పలక మీద పేరు రాసి పోతాండాడు గదా, ఆ పేరున్న పిల్లను పోలీసోళ్లు ఒక గదిలో కూసోబెట్టి కాపలా పెడితే అయిపాయె గదా? ఆ శ్రావ్య ఎప్పుడు జూసినా వానలో తడుస్తా నిలబడి ఏడుస్తాంది. అసలు వాడు ఎందుకు సంపుతాండాడక్కా?"

"చిన్నప్పుడు వాళ్లమ్మ పలకతో కొట్టింది."

ప్రసన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "మా అమ్మా కొట్టింది పలకతో. మార్కాపురంలో పలకదెబ్బ తినని పిల్లలుంటారా? అయితే మనమంతా సంపుకుంటా తిరగాల్సిందేనా?"

ఫెబీ ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్లతో మాట్లాడలేదు. మాటలన్నీ ముళ్లలా గుచ్చుకున్నాయి, నిజం కాబట్టే గుచ్చుకున్నాయి. ఆ డాక్టరు నమ్మేట్టుగా లేడని ఆమెకూ తెలుసు. కథలో నేల మీద కాలు మోపిన మనిషి ఒక్కడన్నా ఉండాలి అనుకుంది. డాక్టరు మీది నుంచి అనుమానం మళ్లించడానికి కూడా ఒకడు కావాలి. రెండు పనులకూ సరిపడే మనిషి ఆ ఆదివారమే ఆమె గుమ్మం ముందు నిలబడి, "తేనె గావాల్నా అమ్మా?" అని పిలిచాడు.

ఆయన చిన్నమల్లయ్య. నల్లమల కింద చెంచుగూడెంలో ఉంటాడు. తేనె, చీపుర్లు, కుంకుడుకాయలు తెచ్చి పెద్దారవీడులో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుంటాడు. ఒక కన్ను లేదు. ఆ వైపు చెంప మీద తోలు ముడుచుకుపోయి ఉంటుంది. వయసులో ఉండగా ఎలుగుబంటి పైనబడి గీరిన గాయమది. వెంకాయమ్మ మంచం పక్కన అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగుతూ ఆయనే ఒకసారి చెప్పాడు. ఎలుగు మొదట పట్టుకున్నది భార్య గంగులమ్మను. ఆమెను విడిపించబోతే కన్ను పోయింది. "కన్ను బోతే బోయింది, మనిషి దక్కింది" అని నవ్వాడు. ఫెబీ ఆ రోజు కళ్లు తుడుచుకుంది.

కానీ రాసేటప్పుడు ఎలుగు పనికిరాలేదు. 'ఒంటికన్ను మల్లడు' అని పేరు పెట్టింది. తేనె అమ్మే నెపంతో ఇళ్లన్నీ చూసి పోతాడని రాసింది. వాడి చెంప మీద గాయం, ప్రాణం కోసం పెనుగులాడిన ఒక అమ్మాయి గోళ్లతో చేసిందని రాసింది. భుజాన వెదురుబద్దకు వేలాడే డబ్బాలు, ఎడమకాలు కాస్త ఈడ్చే నడక, పిలిచే పిలుపు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించింది. ఆ భాగాలు ఒక్క గుక్కలో వచ్చాయి. వెతుక్కోవలసిన పని లేకపోయింది. 'ఈ మల్లడు భలే కుదిరాడు, కళ్ల ముందు కనపడుతున్నాడు' అని పాఠకులు మెచ్చుకున్నారు. ప్రసన్న కూడా, "ఇప్పుడు భయమేసిందక్కా" అంది.

పెద్దారవీడులో ఆ సీరియల్ చదవని ఫోను లేదు. మనూరి కోడలు రాస్తోందంటే చదవకుండా ఉంటారా? నెల తిరగకముందే చిన్నమల్లయ్య వీధిలోకి వస్తే పిల్లలు "పలకోడొచ్చినాడు" అని అరుస్తూ పారిపోవడం మొదలైంది. తల్లులు తలుపులు వేసుకున్నారు. ఒకరోజు ఆయన ఫెబీ ఇంటి ముందు డబ్బాలు దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

"పిల్లోళ్లు నన్ను జూసి ఎందుకట్ల ఉరుకుతాండారమ్మా? ముందు నాకెదురొచ్చి తేనెపట్టు ముక్కడిగేటోళ్లు."

"ఏమో తాతా. ఆటలాడుకుంటాండారేమో" అంది ఫెబీ.

అవసరం లేకపోయినా ఆ రోజు రెండు సీసాల తేనె కొంది. సీరియల్లో ఆ పాత్రను తీసేద్దామా అని ఆ రాత్రి అనుకుంది కూడా. కానీ మల్లడు వచ్చిన భాగాలనే జనం ఎక్కువ చదువుతున్నారు. ఇంకో నాలుగు భాగాలయ్యాక వాడు అమాయకుడని తేల్చేద్దాంలే, అప్పుడు అందరి నోళ్లూ మూతబడతాయి అని సర్దిచెప్పుకుంది.

ఆ నాలుగు భాగాలూ కాకముందే దీవెన కనపడకుండా పోయింది.

దీవెన తండ్రి ఎడ్విన్ ప్రకాశరావుకు చిన్నాన్న కొడుకు. మేస్త్రీ పని చేస్తాడు. రెండిళ్ల అవతలే కాపురం. ఫెబీని వదినా అని నోరారా పిలిచేవాడు, ఇంట్లో మగదిక్కు లేనప్పుడు వెంకాయమ్మను ఆసుపత్రికి మోసుకెళ్లిందీ అతనే. దీవెన మార్కాపురంలో నర్సింగ్ చదువు ముగించింది. ఆ మంగళవారం సర్టిఫికెట్లు తెచ్చుకుంటానని బస్సెక్కిన పిల్ల తిరిగి రాలేదు. ఫోన్ స్విచాఫ్. స్నేహితురాళ్లకు తెలియదన్నారు. తెల్లారేదాకా వాళ్లుండే పాలెం జనమంతా వెతికారు.

బుధవారం దుకాణానికి సెలవు పెట్టి, ఫెబీ ఎడ్విన్ ఇంట్లో అతని భార్య పక్కన కూర్చుని, చేతిలో చెయ్యి వేసి ఉంది. పొద్దు నెత్తి మీదికొచ్చేవేళ ఎవరో పరుగున వచ్చారు. బస్టాపు షెల్టరులో బల్ల కింద పలక దొరికిందన్నారు. పలక మీద 'దీ' అని రాసుందన్నారు. ఆ మాట వినగానే దీవెన తల్లి స్పృహ తప్పి పడిపోయింది. ఎడ్విన్ ఏమీ మాట్లాడకుండా మూలనున్న పార కర్ర తీసుకుని బయటికి నడిచాడు. ఫెబీ ఆ తల్లి మొహాన నీళ్లు చల్లి, లేపి కూర్చోబెట్టి, అతని వెనక పరుగెత్తింది.

ఆమె బస్టాపు చేరేసరికి జనం మూగి ఉన్నారు. కరెంటు స్తంభానికి చిన్నమల్లయ్యను తాడుతో కట్టేశారు. ఎప్పట్లాగే డబ్బాలు భుజాన వేసుకుని ఊళ్లోకి వస్తుంటే పట్టుకున్నారట. డబ్బాలు బోర్లాపడి తేనె మట్టిలోకి పాకుతోంది. ఆయన నోట్లోంచి నెత్తురు కారుతోంది. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. ఎడ్విన్ కర్రెత్తి అడుగుతున్నాడు.

"నా బిడ్డ యాడుంది? చెప్పు. చెప్తావా, రెండో కన్ను పీకమంటావా?"

"నాకు దెలీదు నాయనా. నీ బిడ్డెవరో నాకు దెలీదు" అంటున్నాడు ముసలాయన.

ఫెబీ జనాన్ని తోసుకుని వెళ్లి కర్ర పట్టుకుంది.

"ఎడ్విన్, ఇడువు. ఇడువు ఆయన్ని. అది కథ. నేనే రాసినా."

"నువ్వే రాసినావని తెలుసు వదినా. ఏందో తెలిసే రాసింటావు. తెలీకుండా అట్ల ఎట్ల రాస్తావు?"

"నాకేం తెలీదు. బస్సులో కూసొని నోటికొచ్చింది రాసినా. మీరంతా చదివినారు గదా, ఒక్కరన్నా ఆలోచించినారా? హైదరాబాదులో ఆపరేషన్ చేసినోడు గంటలో ఈడికెట్ల వస్తాడు? హెలికాప్టర్ దిగితే ఊరంతా లేచి రాదా? పేరు ముందే రాసిపెట్టి సంపేటోడు యాడన్నా ఉంటాడా? పేరుంటే ఆ పిల్లకు కాపలా పెట్టాలని పోలీసోళ్లకు తెలీదా? సీఐ వానికి చెల్లెలంట! తోడబుట్టినోడని చెల్లెలికి అన్నాళ్లూ తెలీదంట! అంతా అబద్ధం. నా కథ అంతా పనికిమాలిన కథ!"

ప్రసన్న అడిగిన ప్రశ్నలన్నీ ఆమె నోట్లోంచి గట్టిగా వస్తున్నాయి. ఒకప్పుడు మధ్యాహ్నమంతా అలిగేలా చేసిన ఆ మాటలను ఇప్పుడు నడిబజారులో తనే అరుస్తోంది. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక క్షణం ఆమెకు ఆశ పుట్టింది.

అప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు అన్నాడు. "డాక్టరు సంగతి ఇడిసిపెట్టు పిన్నమ్మా. అది అబద్ధమేనని మాకూ తెలుసు. హెలికాప్టర్ గిలికాప్టర్ ఎవురు నమ్ముతారు? కానీ ఈ ఒంటికన్నోడి సంగతి నిజమే గదా. ఉన్నాడు గదా మన ముందర. డబ్బాలున్నాయి, కుంటి నడకుంది, చెంప మీద గోళ్లున్నాయి."

"అవి గోళ్లు గాదురా! ఎలుగుబంటి!"

"మరి గోళ్లని ఎందుకు రాసినావు?"

ఫెబీ చుట్టూ చూసింది. తను కల్పించిన పెద్ద అబద్ధాలను ఎవరూ నమ్మలేదు. ఉన్నది ఉన్నట్టు దించిన మనిషి పక్కన తగిలించిన ఒక్క చిన్న అబద్ధాన్ని మాత్రం అందరూ నమ్మారు. ఎడ్విన్ కర్ర లాక్కున్నాడు. ఆమె ముసలాయన ముందుకు వెళ్లి చేతులు చాపి నిలబడింది. దెబ్బ ఆమె భుజం మీద పడింది. వదిన మీద పడిందని తెలిశాక ఎడ్విన్ కర్ర పారేసి, అక్కడే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆలోగా పోలీసు జీపు వచ్చింది.

పలక సంగతి స్టేషన్లో పావుగంటలో తేలిపోయింది. అంగన్‌వాడీ ఆయా శేషమ్మ వచ్చి చూసి, అది తమ పిల్లలదేనంది. బస్సు కోసం తల్లితో కూర్చున్న ఒక పిల్లాడు ద, దా, ది, దీ అని గుణింతం రాసుకుని, పలక మరిచిపోయి బస్సెక్కేశాడు. తక్కిన అక్షరాలు ఎవరి కాళ్లకో తగిలి చెరిగిపోయాయి. "పొద్దుటేల్నించి చెప్తానే ఉండా సార్, నా మాట ఎవురిన్నారు?" అంది శేషమ్మ.

దీవెన సంగతి సాయంత్రానికి తెలిసింది. గిద్దలూరులో రైలెక్కి నంద్యాల వెళ్లింది. అక్కడొక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగంలో చేరింది. ఇంట్లో చెబితే పెళ్లి చేసేదాకా గడప దాటనివ్వరని భయపడి, చేరాక చెబుదాంలే అనుకుందట. ఫోన్లో తల్లి ఏడుపు విని ఆ పిల్లా ఏడ్చింది.

ఎస్సై ఫెబీని కూర్చోమన్నాడు. టేబుల్ మీద చేతులు పెట్టి, కాస్త ఇబ్బందిగా, "మా ఆవిడ కూడా చదువుతుందమ్మా మీ సీరియల్" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "ముసలాయన చెయ్యి రెండుచోట్ల విరిగింది, మార్కాపురం ఆసుపత్రికి పంపినాము. కేసు పెట్టాల్సిందే. అంతమందిలో ఎవరు కొట్టినారంటే ఎవరూ చెప్పడం లేదు. మీరు చూసినారా?" అని అడిగాడు.

ఫెబీ కాసేపు బయటికి వచ్చింది. అప్పటికే సంగతి ఛత్తీస్‌గఢ్ దాకా పోయింది. ప్రకాశరావు ఫోన్ చేశాడు. వెనక బోరు మిషన్ మోతలో అతని గొంతు తెగి తెగి వినిపించింది.

"ఫెబీ, ఎడ్విన్ పేరు చెప్పొద్దు. ఇంటున్నావా? రేపు మనకేమన్నయితే వచ్చేది వాడే."

"ఆయన చెయ్యి ఇరిగింది."

"ఆస్పత్రి ఖర్చు మనమే పెట్టుకుందాం. జనంలో ఎవురు కొట్టినారో తెలీదని చెప్పు. కథలు రాస్తావు గదా, ఒక్క అబద్ధం చెప్పలేవా?"

మొగుడు ఎగతాళికి అన్నాడో, అలవాటుగా అన్నాడో ఆమెకు తెలియలేదు. ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పింది. స్తంభం చుట్టూ నిలబడింది ఎవరో, కర్ర పట్టింది ఎవరో, ఉసిగొల్పింది ఎవరో పేర్లతో చెప్పింది. వాళ్ల చేతికి ఆ ముసలాయన్ను అందించింది తన రాతేనని కూడా చెప్పింది. ఎస్సై దానికి సెక్షన్ ఏదీ లేదన్నాడు.

వారం తర్వాత చిన్నమల్లయ్యను ఇంటికి పంపారని తెలిసి గూడేనికి వెళ్లింది. ఆటో దిగి కొండ వైపు నడిచింది. గుడిసె ముందు వేపచెట్టు నీడలో ఆయన పిండికట్టు చేత్తో కూర్చుని ఉన్నాడు. గంగులమ్మ చీపుర్లకు గడ్డి చీలుస్తోంది. ఫెబీ వచ్చినా తల ఎత్తలేదు.

"నన్ను నీ కతలో ఏం జేసినావో సెప్పమ్మా" అన్నాడు చిన్నమల్లయ్య. "అందురూ నేను సంపినానన్నారు. ఎవుర్ని సంపినానో ఎవురూ సెప్పల్యా."

ఆమె చెప్పింది. తలొంచుకుని, డాక్టరుతో మొదలుపెట్టి మల్లడి దాకా చెప్పింది. ఆయన హెలికాప్టర్ మాట వచ్చినప్పుడు ఒకసారి ఆకాశం వైపు చూశాడు. చెంప మీద గాయం గురించి చెప్పినప్పుడు ఆయన మంచి చెయ్యి తెలియకుండానే మొహం మీదికి పోయింది.

"దెబ్బలు సరే. దెబ్బలు ముందూ తిన్నా" అన్నాడు. "ఇది ఈ గంగులమ్మ కోసం పోయిన కన్ను గదమ్మా. నీ అరుగు మీద కూసొనే సెప్తి. నువ్వు కండ్లనీళ్లు గూడా పెట్టుకుంటివి. దాన్ని దీసకపోయి ఆడపిల్ల మీద సెయ్యేసినోని కన్నుగా జేస్తివే."

"తప్పయింది తాతా. ఎలుగని మార్చి రాస్తా. అందరికీ తెలిసేట్టు రాస్తా."

గంగులమ్మ అప్పుడు తలెత్తింది. "ఏమీ రాయొద్దు" అంది. "మంచిగా గూడా రాయొద్దు. మా జోలికి రాకు."

ఫెబీ తెచ్చిన పండ్ల సంచి తడికె పక్కన పెట్టి లేచింది. ఆమె నాలుగడుగులు వేయకముందే గంగులమ్మ వచ్చి సంచి చేతికిచ్చేసింది.

సీరియల్లోంచి మల్లడు ఉన్న భాగాలన్నీ ఆమె తీసేసింది. యాప్ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. కథ మధ్యలో వదిలేస్తే పాఠకులు ఊరుకోరని బతిమాలింది, తర్వాత బెదిరించింది. ఫెబీ చివరి భాగం ఒకటి రాసింది. అందులో గూడెమూ లేదు, తేనె లేదు, కన్ను లేదు. ఒక ఊళ్లో ఒక పిల్లాడు మరిచిపోయిన పలకను చూసి జనం భయపడి, దారినపోయే ఒక ముసలి పాత సామాన్ల వ్యాపారిని స్తంభానికి కట్టేసి కొడతారు. హంతకుడంటూ ఎవడూ ఉండడు. అంతే. పాఠకులు మండిపడ్డారు. ఇదేం ముగింపు, నమ్మేట్టుగా లేదన్నారు. ఒకామె ఓపిగ్గా రాసింది: 'డాక్టర్ విక్రాంత్ దాకా బాగా నడిపారు. కానీ పలక మీద ఒక అక్షరం చూసి ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒక ముసలాయన్ను కొడతారా? ఇది మరీ అతిగా ఉంది.'

ఫెబీ ఆ మాట ప్రసన్నకు చూపించింది. ప్రసన్న చదివి, ఫోన్ తిరిగిచ్చి, చీర మడతపెట్టడంలో పడింది. అప్పటినుంచి ఆమె కథల గురించి అడగలేదు, ఫెబీ రాయలేదు.

పాలెంలో ఆమెతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. ఆదివారం ప్రార్థనకు గుళ్లో చాప మీద ఆమె కూర్చున్న చుట్టూ ఖాళీ మిగిలేది. ఎడ్విన్ కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. నంద్యాల నుంచి సెలవుకు వచ్చిన దీవెన ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

"పెద్దమ్మా, నేను చెప్పకుండా పోవడం తప్పే. కానీ నాయన పేరు నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

"చూసినా గదమ్మా."

"చూసినావు. మరి రాసింది కూడా నువ్వే గదా? నీకేమైంది?"

వెంకాయమ్మ మంచం మీది నుంచి, "దాని భుజం ఇప్పటికీ లేవదే" అని గొణిగింది. దీవెన అది విన్నదో లేదో వెళ్లిపోయింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముందని ఫెబీ చాలా రోజులు తనలో తను కొట్టుకుంది. ప్రకాశరావు పండగకు వచ్చి, ఉన్నన్నాళ్లూ ముభావంగా ఉండి, మళ్లీ బండెక్కి వెళ్లిపోయాడు.

చిన్నమల్లయ్య పెద్దారవీడు రావడం మానేశాడు. ఇప్పుడు దోర్నాల వైపు పోయి అమ్ముకుంటున్నాడని, కట్టు విప్పినా చెయ్యి సరిగా ముడుచుకోవడం లేదని, చెట్టెక్కలేడు కాబట్టి తేనె కొడుకు తీస్తున్నాడని శేషమ్మ చెప్పింది.

కేసు పిలుపుకు రావడానికి ఏడాది పైనే పట్టింది. మార్కాపురం కోర్టు వరండాలో ఫెబీ దుకాణం నుంచి పూట సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. అవతలి వైపు ఎడ్విన్, అతని భార్య, పాలెం వాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ఆమె పక్కన ఎవరూ లేరు. కాసేపటికి గంగులమ్మ చెయ్యి పట్టుకుని చిన్నమల్లయ్య మెట్లెక్కాడు. అటూ ఇటూ చూశాడు. బల్ల మీద చోటున్నది ఫెబీ పక్కనే. గంగులమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆయన మాత్రం వచ్చి బల్ల మీదే కూర్చున్నాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలాడు.

 లోపల ఎవరిదో వేరే కేసు నడుస్తోంది. లాయరు గొంతు పెద్దదవుతోంది, తగ్గుతోంది.

"లోపల శానా మంది ఉంటారామ్మా?" అని ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఉంటారు తాతా."

"ఏం అడుగుతారో?"

"ఏం జరిగిందో చెప్పమంటారు. ఎట్ల జరిగిందో అట్ల చెప్పండి చాలు."

"నాకు బయంగా ఉండాది."

"నాకూ భయంగానే ఉంది" అంది ఫెబీ.

బంట్రోతు బయటికి వచ్చి ముందు ఆమె పేరే పిలిచాడు. ఆమె లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఎడ్విన్ ముందు నుంచే నడిచి లోపలికి వెళ్లింది.